సిరాలో మేనల్లుడు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకి కందిరీగ ఆఫీసు ఇనుప తలుపు ముందు నిలబడ్డాడు. పక్కన గోడలో అరచేతంత స్క్రీన్. రోజూ అడిగే ప్రశ్నే దాని మీద వెలిగింది.

"మీ తల్లిగారి పుట్టింటి ఇంటిపేరు?"

కందిరీగ వెనక్కి ఒకసారి చూసుకుని నాలుగే నాలుగు అక్షరాలు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

కందిరీగ అనేది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. అసలు పేరు చీఫ్ ఒక్కడికే తెలుసు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన కూడా మరిచిపోయి ఉంటాడని కందిరీగకి ఒక నమ్మకం.

"కంప్యూటర్ సెక్షన్ వాళ్లు మళ్లీ కంప్లైంట్ చేశారు," అన్నాడు చీఫ్ తల ఎత్తకుండానే. "నీ జవాబు ఇంటిపేరులా లేదట."

"తలుపు తెరుచుకుంటోందిగా సర్."

"కూర్చో. టైమ్ లేదు."

లైట్లు ఆరిపోయాయి. గోడ మీద ఒక టీ కప్పు బొమ్మ పడింది.

"గొలుసు ముఠా గురించి నీకు చెప్పక్కర్లేదు. దేశాల రహస్యాలు కొని అమ్మే విదేశీ నెట్‌వర్క్. నాలుగేళ్లుగా మనవాడు ఒకడు అందులో ఉన్నాడు. కోడ్ నేమ్ నీడ. వాళ్ల లెక్కలో వాడు ఆ దేశంలోనే పుట్టిన అనాథ. తమలో ఒక గూఢచారి ఉన్నాడని మూడు వారాల కిందట ముఠాకి అనుమానం వచ్చింది. వెంటనే అందరి టీ కప్పులూ పోగుచేశారు."

"కడగడానికా?"

"డీఎన్ఏకి. నీడ కప్పు మీద దొరికిన శాంపిల్ సగం పాడైంది. మిగతా సగాన్ని 'మీ మూలాలు' అనే వెబ్‌సైట్‌లో వేసి వెతికారు. వంశవృక్షం కట్టిస్తాం, తప్పిపోయిన చుట్టాల్ని కలుపుతాం అంటుందే, ఆ సైట్. అదీ ముఠాదే. మన ఊళ్లో ఒక ముసలాయనతో చుట్టరికం తగిలింది. ఎంత దగ్గరో తేలలేదు."

"ఎవరాయన?"

"నీడకి మేనమామ. రిటైర్డ్ ప్రూఫ్ రీడర్. బంధువులంతా ప్రూఫ్ మావయ్య అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తన కుటుంబ చరిత్ర రాస్తున్నాడు. ఆర్నెల్ల కిందట ఉత్సాహం పట్టలేక గొట్టంలో ఉమ్మి ఆ సైట్‌కి పంపాడు. 'అందరితో పంచుకోవచ్చు' అన్న గడిలో టిక్ కూడా పెట్టాడు."

కందిరీగ కణతలు నొక్కుకున్నాడు.

"ఆయన్ని తిట్టకు. మా అత్తగారు కూడా అదే పని చేసింది," అన్నాడు చీఫ్. "ఇప్పుడు ముఠాకి కావలసింది ఆ పుస్తకం. ఆ వంశంలో ముప్ఫై ఎనిమిదేళ్ల మగవాడు ఎవడైనా కంటికి కనబడకుండా తిరుగుతుంటే, కప్పు వాడిదే. సాయంత్రానికల్లా నీడని కాల్చేస్తారు. అలాంటివాడు లేడని తేలితే శాంపిల్ తప్పని వదిలేస్తారు. పుస్తకం చూడ్డానికి ఇవాళ పన్నెండింటికి ఈవిడ వెళ్తోంది."

గోడ మీద కొత్త బొమ్మ. తెల్ల సూటు, నల్ల కళ్లద్దాలు, ఎడమ చేతి వేలికి పచ్చరాయి ఉంగరం. ఆ ఉంగరం వల్లే డిపార్ట్‌మెంట్‌లో ఆమెకి పచ్చరాయి అని పేరు.

"కిందటిసారి ఈవిడతో కాఫీ తాగి లేచేసరికి నా వాచీ, ఒక ఫైలూ పోయాయి," అన్నాడు కందిరీగ.

"దొరికాయా?"

"ఫైలు దొరికింది. అయినా ఈవిడ మన మనిషే కదా సర్? మన జీతం తీసుకుంటోంది."

"మనకి మూడు నిజాలు చెప్పి వాళ్లకి ముప్ఫై చేరవేస్తోంది. ఇప్పుడు పట్టుకుంటే ముఠాకి తెలిసిపోతుంది."

"అయితే ఆ పుస్తకాన్ని మాయం చేసేద్దాం."

"పుస్తకం పోతే వాళ్ల అనుమానం రూఢి అయినట్టే. తగలబడినా అంతే. ఆవిడ దాన్ని చూడాలి. తన కళ్లతో చూసి, లేడని తేల్చుకుని పోవాలి." చీఫ్ లైటు వేశాడు. "ప్రూఫ్ మావయ్యకి ఒక పద్ధతి ఉంది. బతికున్నవాళ్లని పెన్సిల్‌తో రాస్తాడు. పోయినవాళ్లని సిరాతో. సిరాతో రాసిన ప్రతి పేరు పక్కనా ఆ రోజే దగ్గరి రక్తసంబంధీకులు సంతకం పెట్టాలి. ఈ సంగతి కిందటివారం ఆయనే గొప్పగా ఆవిడకి చెప్పాడు. మున్సిపాలిటీ చావుల రిజిస్టర్ సంగతి నిన్న సాయంత్రమే మనం చూసుకున్నాం. మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే."

"అంటే నీడని సిరాలోకి మార్చాలి."

"అవును. వాడి తల్లి చేత సంతకం పెట్టించాలి. ఆవిడ అన్నగారింట్లోనే ఉంటుంది."

కందిరీగ తుపాకీ పట్టుకుని లోపలికి దూకమంటే ఎప్పుడూ రెండో మాట అడగని మనిషి. ఈసారి మాత్రం మంచినీళ్లు అడిగాడు.

కింద వర్క్‌షాప్‌లో గాడ్జెట్లు తయారుచేసే పెద్దాయనని అందరూ బాబాయి అంటారు. బాబాయి ఒక పాత పెన్ను చేతిలో పెట్టాడు.

"దీంతో రాస్తే ఇరవై ఏళ్ల కిందట రాసినట్టు ఉంటుంది. ఆరడానికి పన్నెండు నిమిషాలు. ఆ లోపు ఎవడైనా వేలు పెడితే అంటుకుంటుంది, పని చెడుతుంది."

"అయిదు నిమిషాల్లో ఆరేది లేదా బాబాయ్?"

"ముసలి సిరా కదరా. నిదానంగానే ఆరుతుంది."

*

తాళంచెవులు చేసే కొట్టు పైన మేడ మీద రెండు గదులు. పదకొండూ అయిదుకి ఆ మెట్లెక్కింది నెరిసిన జుట్టు, సోడాబుడ్డి కళ్లద్దాలు, చేతిలో జిగురు డబ్బా, సంచిలో దారపు ఉండలు ఉన్న ఒక బైండర్. ప్రూఫ్ మావయ్య మామూలుగా పిలిచే బైండర్‌కి ఆ పొద్దున జ్వరం వచ్చింది. తెప్పించింది డిపార్ట్‌మెంటే.

గది నిండా చెప్పుల అట్టపెట్టెలు. ఒక్కోదాని మీద ఒక్కో శాఖ పేరు రాసిన చీటీ. కిటికీ పక్కన పొడవాటి బల్ల, దాని మీద భూతద్దం, అయిదు పెన్సిళ్లు, ఒక లబ్బరు, మధ్యలో వెన్ను విడిపోయిన లావుపాటి పుస్తకం. డెబ్బై ఒక్క ఏళ్ల ప్రూఫ్ మావయ్య దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"ముట్టుకోకు. ముందు నీ మూడు తరాలు చెప్పు."

"ఏంటండీ?"

"ఈ పుస్తకంలో మా వాళ్లందరి గుట్టూ ఉంది. దీన్ని ముట్టుకునేవాడు ముందు తన గుట్టు చెప్పాలి. నువ్వు, మీ నాన్న, మీ తాత. పుట్టిన తేదీలతో సహా."

పధ్నాలుగు దేశాల్లో పధ్నాలుగు పేర్లతో తిరిగిన కందిరీగకి ఇది చిటికెలో పని. తాత బైండరు, నాన్న బైండరు, తను బైండరు అంటూ గడగడా అప్పజెప్పాడు. మావయ్య ఒక చీటీ మీద రాసుకుని పెన్సిల్ చివరతో తట్టాడు.

"మీ నాన్న పుట్టేనాటికి మీ తాతకి పదకొండేళ్లు."

కందిరీగ మనసులో లెక్క వేసి చూసుకున్నాడు. పదకొండే.

"నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణయ్యా. ఎవడివి నువ్వు?"

ఇక లాభం లేదు. కందిరీగ కళ్లద్దాలు తీసి, కార్డు చూపించి, ఉన్నదంతా చెప్పేశాడు. కప్పు, సైటు, తెల్ల సూటు మేడమ్, పన్నెండు గంటలు, అన్నీ. ప్రూఫ్ మావయ్య మొహంలో రంగులు మారాయి.

"ఓడలో రేడియో ఆపరేటర్ అని చెప్పాడే నా మేనల్లుడు!"

"ఆ మాట రాసుకున్నారా?"

"పెన్సిల్‌తోనే." ఆయన చేతిలో పెన్సిల్ కింద పెట్టేశాడు. "ఉమ్మి పంపాను. ఉమ్మే కదా అనుకున్నాను. ఉమ్మితో మనిషిని పట్టుకుంటారని నాకేం తెలుసు?"

"ఇప్పుడు వాడి పేరు చెరిపి సిరాతో రాయాలండీ. పోయినట్టు."

ప్రూఫ్ మావయ్య ఒక్కసారిగా లేచాడు. "వీల్లేదు! ముప్ఫై ఒక్క ఏళ్లలో ఇందులో ఒక్క అబద్ధం లేదు. మా ముత్తాత గుర్రాల దొంగ అని తేలితే అదీ రాశాను. సగం మంది చుట్టాలు నాలుగేళ్లు నా గుమ్మం తొక్కలేదు. అయినా కొట్టెయ్యలేదు. ఇప్పుడు నువ్వొచ్చి, బతికున్న పిల్లాణ్ణి నా చేత్తో చంపమంటావా?"

నచ్చజెప్పడానికి కందిరీగ ఎన్నో విధాల చూశాడు. దేశం అన్నాడు, రహస్యం అన్నాడు, ఆర్డర్ అన్నాడు. ముసలాయన దేనికీ లొంగలేదు. గోడ గడియారం పదకొండూ నలభై అయిదు దాటింది.

లోపలి గది తలుపు దగ్గర చప్పుడైంది. ఆయన చెల్లెలు. బట్టలు కుట్టి బతికిన మనిషి, వేలికి ఇంకా కుట్టుపని తొడుగు ఉంది. మొదటినుంచీ వింటూనే ఉందని ఆమె మొహమే చెప్పింది.

"నా కొడుకు బతికే ఉన్నాడా?"

"మొన్న ఉదయానికి ఉన్నాడమ్మా."

"నేను సంతకం పెడితే ఉంటాడా?"

"ఉంటాడు."

ఆమె వచ్చి బల్ల దగ్గర నిలబడింది. "అన్నయ్యా, లబ్బరు తియ్యి. మనం ఇష్టంగా రాసుకున్న పుస్తకం పట్టుకుని, మన ఇంటికే వచ్చి, నా కొడుకు ఎక్కడున్నాడో వెతుకుతారా? ఎవరు వాళ్లు? మన పేర్లు మనవి. చెప్పాలనిపిస్తే చెబుతాం, లేకపోతే లేదు. రాయి."

"అబద్ధం రాయమంటావా నన్ను?"

"రాయి. వాడొచ్చాక వాడి చేత్తోనే కొట్టేయిస్తాను."

ప్రూఫ్ మావయ్య లబ్బరు తీశాడు. మేనల్లుడి పేరు, పుట్టిన తేదీ, బడి, ఉద్యోగం ఒక్కొక్కటే చెరిపాడు. కాగితం మీద మిగిలిన గీరల్ని కందిరీగ బైండర్ బద్దతో నొక్కి చదును చేసి, లబ్బరు పొడి ఊడ్చి జేబులో వేసుకున్నాడు. పెద్దాయన పెన్ను అందుకుని రాశాడు. పంతొమ్మిదో ఏట, నీటిలో మునిగి. ఆ నాలుగు మాటలు రాయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. చెల్లెలు పక్కనే సంతకం పెట్టి, పెన్ను కింద పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

పదకొండూ యాభై ఒకటి. పన్నెండూ మూడుకి ఆరుతుంది.

పదకొండూ యాభై అయిదుకి మెట్ల మీద మడమల చప్పుడు.

*

పచ్చరాయి లోపలికి రాగానే గదిలోకి ఖరీదైన సెంటు వాసన వచ్చింది. చేతిలో పలచటి పెట్టె, అందులో స్కానర్. ఆమె చూపు నేరుగా జిగురు కలుపుతున్న ముసలి బైండర్ మీద పడింది. కందిరీగ వంగిపోయి దగ్గు అందుకున్నాడు.

"ఈయనెవరు అంకుల్?"

"బైండర్. వెన్ను కుట్టడానికి వచ్చాడు."

"నా పని అయ్యాక కుట్టమనండి. నాకు పన్నెండుంబావుకల్లా రిపోర్ట్ పంపాలి."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చెయ్యి తిన్నగా పుస్తకం చివరి భాగం మీదికి వెళ్లింది, మేనల్లుడు ఉన్నది అక్కడే. ఇంకా ఏడు నిమిషాలు ఆరాలి. కందిరీగ జిగురు డబ్బా ఒలకబోద్దామా అనుకున్నాడు. కాగితం తడిస్తే అసలుకే మోసం.

అప్పుడు ప్రూఫ్ మావయ్య తన చేతిని పుస్తకం మీద బోర్లించాడు.

"ముందు మీ మూడు తరాలు చెప్పమ్మా."

"కిందటివారం అడగలేదే!"

"కిందటివారం మీరు ముట్టుకోలేదు."

పచ్చరాయి చక్కగా నవ్వి మొదలుపెట్టింది. వినసొంపైన కథ. నాన్న టీచరు, అమ్మ గృహిణి, అమ్మమ్మ సంగీతం. మావయ్య తాపీగా, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ చీటీ మీద రాశాడు. ముసలాయన పెన్సిల్ అంత నెమ్మదిగా కదలడం చూసి కందిరీగకి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"మీరు పుట్టిన రెండేళ్లకి మీ అమ్మగారి పెళ్లయింది. సరే, అది మీ ఇంటి విషయం," అన్నాడు మావయ్య. "కానీ మీ అమ్మమ్మగారు పోయిన మరుసటి ఏడాది మీ పిన్ని పుట్టింది. అది మాత్రం కుదరదమ్మా."

పచ్చరాయి నవ్వు కాస్త బిగుసుకుంది. "తేదీలు సరిగ్గా గుర్తులేవు."

"గుర్తు చేసుకోండి. తొందరేం లేదు."

రెండోసారి చెప్పింది. ఈసారి ఆమె తన అక్క కంటే ఏడాదిన్నర పెద్దదయింది. మావయ్య అదీ చూపించాడు. ఆమె చేతి వాచీలో ఎర్రటి చుక్క వెలిగి ఆరింది. అవతల ముఠా కాచుకుని ఉంది.

"ఇవన్నీ మీకెందుకు అంకుల్?" గొంతులో తీపి పోయింది.

"మీ సైట్ నన్ను ఇవే అడిగిందమ్మా. మా అమ్మ ఇంటిపేరు, నేను చదివిన మొదటి బడి, మా చెల్లెలి పుట్టినరోజు. నేను చెప్పాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను. చెప్పడం ఇష్టం లేకపోతే పెట్టె సర్దుకోండి."

ఇంత సూటిగా ఒక ముసలివాడు తనని నిలబెట్టి అడుగుతాడని పచ్చరాయి ఊహించలేదు. లేచి పోతే రిపోర్ట్ ఉండదు. కొత్త కథ అల్లడానికి టైమ్ లేదు. ఆమె కళ్లు దించుకుని, వరసగా, తడుముకోకుండా చెప్పింది. అమ్మమ్మ పేరు, అమ్మ పుట్టిన తేదీ, ఒక చిన్న వీధి, ఆ వీధిలో ఇంటి నంబరు. గొంతు పూర్తిగా మారిపోయింది. ఎక్కడా లెక్క తప్పలేదు. అది నిజమని గదిలో నలుగురికీ తెలిసింది.

"ఇప్పుడు బాగుంది," అని మావయ్య చెయ్యి తీశాడు.

పన్నెండూ రెండు.

ఆమె పేజీలు చకచకా తిప్పింది. ఆ వయసు మగవాళ్లు ముగ్గురు. ఒకడు పళ్ల డాక్టర్, పెన్సిల్. ఇంకొకడు బస్సు డ్రైవర్, పెన్సిల్. ఇద్దరూ ఇదే ఊళ్లో, కళ్లెదుటే ఉన్నారు. మూడోవాడు సిరా. పచ్చరాయి వంగి చూసింది. చూపుడు వేలు నాలుకకి తాకించి, ఆ అక్షరాల మీదికి తెచ్చింది.

కందిరీగ లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంకా ఆరు సెకన్లు. అయిదు.

"వాడి పేరు మీద చెయ్యి వేయకమ్మా."

కిటికీ దగ్గర నిలబడిన తల్లి ఇటు తిరిగింది. కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నాయి. నాలుగేళ్లుగా కొడుకుని చూడని మనిషి. ఆ ఏడుపులో నటన ఏమీ లేదు. పచ్చరాయి వేలు గాల్లోనే ఆగిపోయింది. ఒక్క క్షణం ఆమె ఎవరి తరఫునా పనిచేస్తున్నట్టు లేదు.

తర్వాత వేలు దిగింది. అక్షరాల మీద అడ్డంగా రుద్దింది. వేలెత్తి వెలుగులో చూసుకుంది.

వేలికి ఏమీ అంటలేదు.

కందిరీగ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి, దాన్ని దగ్గుగా మార్చేశాడు.

"పాపం. సారీ ఆంటీ," అంది పచ్చరాయి. స్కానర్ తీసింది.

"సిరా ఉన్న పేజీలే," అన్నాడు మావయ్య. "పెన్సిల్ పేజీలు కళ్లతో చూశారు, చాలు. వాటికి ఫొటో లేదు. బతికున్నవాళ్ల వివరాలు కావాలంటే ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, వాళ్లకీ మీ మూడు తరాలు చెప్పి తెచ్చుకోండి."

ఆమె వాదించలేదు. కావలసింది దొరికింది. సరిగ్గా పన్నెండుంబావుకి విదేశంలో ఎక్కడో ఒక ఫోన్ మోగింది. ఆ కుటుంబంలో అలాంటివాడు లేడు, శాంపిల్ తప్పు. ముఠా టీ కప్పులన్నీ కడిగేసింది.

మడమల చప్పుడు మెట్లు దిగిపోయాక కందిరీగ ఫోన్ తీసి చీఫ్‌కి రెండే మాటలు చెప్పాడు. "జిగురు ఆరింది."

తర్వాత బల్ల మీద చీటీ అందుకున్నాడు. "మావయ్యగారూ, ఇది నాకు ఇస్తారా?"

"పరాయివాళ్ల గుట్టు ఇంకొకరికి ఇవ్వకూడదు," అని ఆయన కాస్త ఆలోచించాడు. చెల్లెలి వైపు చూశాడు. "కానీ ఆవిడ నా చేత ఆ గడిలో టిక్ పెట్టించిన మనిషి. తీసుకో."

*

ఆ చీటీలో ఉన్న అమ్మమ్మ పేరు మీదే సరిహద్దు అవతల ఒక పాత ఇల్లు అద్దెకి ఉంది. 'మీ మూలాలు' సర్వర్లు, గొలుసు ముఠా పెద్దలు, లక్షల మంది ఉమ్మి గొట్టాలు, అన్నీ ఆ ఇంట్లోనే దొరికాయి. నీడ లోపలినుంచి గడియ తీశాడు. నాలుగో రోజు పచ్చరాయి రైలెక్కబోతూ దొరికింది. పేరు చెప్పమని ఆఫీసర్ అడిగితే, "ఆ ముసలాయన్నే అడగండి, అన్నీ రాసుకున్నాడు," అందట. కందిరీగ వాచీ ఆమె సూట్‌కేసులో ఇంకా నడుస్తూనే ఉంది.

ప్రూఫ్ మావయ్య సైట్‌లో తన ఖాతా తీసేయించాడు. గొట్టం కూడా వెనక్కి కావాలని పట్టుబట్టి, చీఫ్ చేతుల మీదుగా తెప్పించుకుని, స్వయంగా కడిగాడు. అబద్ధం రాసిన పేజీ అంచున మాత్రం ప్రెస్సు వాళ్లకి తప్ప ఎవరికీ తెలియని చిన్న గుర్తు పెట్టుకున్నాడు. తప్పుంది, తర్వాతి ప్రూఫులో దిద్దాలి అని దానికి అర్థం.

తర్వాతి ప్రూఫ్ రెండు నెలలకి వచ్చింది. గడ్డం పెరిగిన ఒక మనిషి మేడ మెట్లెక్కి, గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి వాణ్ణి కావలించుకోలేదు. ముందు చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్లి, పెన్ను చేతికిచ్చింది.

"నీ చావు మీద నేను సంతకం పెట్టాన్రా. కొట్టేయ్."

వాడు అడ్డంగా ఒక గీత గీశాడు. ఆమె పక్కనే మళ్లీ సంతకం పెట్టింది. ఆ తర్వాతే ఏడ్చింది. ప్రూఫ్ మావయ్య కొత్త పెన్సిల్ చెక్కి, మేనల్లుడి పేరు మళ్లీ రాసి, ఉద్యోగం అన్న చోట ఏం రాయాలని తలెత్తి చూశాడు.

"ఖాళీగా వదిలెయ్ మావయ్యా."

ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆ పుస్తకంలో ఒక గడి ఖాళీగా మిగిలింది. ముసలాయన దాన్ని దిద్దలేదు.

అదే ఉదయం రిపోర్ట్ ఇవ్వడానికి వచ్చిన కందిరీగని ఇనుప తలుపు ఎప్పటిలాగే ఆపింది.

"మీ తల్లిగారి పుట్టింటి ఇంటిపేరు?"

కందిరీగ ఎప్పటిలాగే నాలుగు అక్షరాలు కొట్టాడు.

"నీకెందుకు."

తలుపు మర్యాదగా తెరుచుకుంది.